నాలుగు నుంచి ఆరు వరకూ

భిలాయి పక్కనున్న చరోదా రైల్వే కాలనీలో క్రైస్తవ కుటుంబాల పాటల బృందాన్ని మొదటిసారి విన్నది ఒక శనివారం సాయంత్రం. జబ్బుపడ్డ తోటి గుమాస్తాని చూడడానికి వెళ్ళాను. పక్కనున్న చిన్న చర్చిలో మర్నాటి ఆరాధన కోసం సాధన చేస్తున్నారు. ఎనిమిది మంది. మనుషులు కనిపిస్తే తలలు లెక్కపెట్టడం నా అలవాటు. ఏడో తరగతితో బడి మానేసి, లెక్కలు సొంతంగా నేర్చుకుని, భిలాయి ఉక్కు ప్లాంటులో హాజరు పట్టీలు రాసే పనిలో చేరినవాణ్ణి. ఆ రోజు నా లెక్క నిలవలేదు. ఇద్దరు ఆడవాళ్ళు పైన ఒక వరస పాడుతుంటే మరో ఇద్దరు దాని కింద ఇంకో వరస. మగవాళ్ళవి వేరే రెండు. మాట ఒకటే, వరసలు నాలుగు. ఒకదాన్ని పట్టుకుంటే మిగతా మూడూ జారిపోయేవి. నలభై రెండేళ్ళవాణ్ణి, సైకిలు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడిపోయాను. తర్వాత ప్రతి శనివారం నాలుగింటికల్లా అక్కడే.

భిలాయిలో మేముండే ఖుర్సీపార్‌లో మాకు సొంత భజన బృందం ఉండేది. అందరం విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళం. దాన్ని కూడగట్టింది కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దాయన. అందరికీ ఆయన మావే. ఆయన ముందు పాడితే మేం అందుకునేవాళ్ళం. తాళం నాది. చరోదా సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. వేరే మతమని కాదు, మా పాట నాకు చప్పబడిందని తెలిసిపోతుందని.

ఆ ఏడు ఏకాహం శనివారం పెట్టారు. సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా నామం ఆగకూడదు. ఎవరు ఎప్పుడు పాడాలో చీటీ నేనే రాసేవాణ్ణి. షిఫ్టులు చూసుకుని రెండేసి గంటలకు నలుగురు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకూ నా పేరు రావాలి. అక్కడ మావ పేరు రాశాను. రెండు నుంచి నాలుగు దాకా కూడా ఆయనే ఉన్నాడు. ప్రతి గడిలో నలుగురున్నారు కాబట్టి ఎవరూ వంక పెట్టలేదు. అరవై దాటిన మనిషి నాలుగు గంటలు ఏకబిగిన పాడాలని నాకు తెలుసు. తెలిసే రాశాను.

ఆరు దాటాక చరోదా నుంచి తిరిగొచ్చేసరికి పందిట్లో మళ్ళీ పాడుతున్నారు గానీ ఎవరి ముఖమూ బాగాలేదు.

"ఏటైంది?" అని చివర కూర్చున్నవాణ్ణి అడిగాను.

"ఏటవుద్ది? నామం ఆగిపోనాది. ఒకడ్ని డ్యూటీకి లాక్కుపోనారు, ఇద్దరు టీకి లెగిసినారు. మావొక్కడే మిగిలినాడు, దగ్గొచ్చి గొంతు పోనాది."

"ఎంతసేపు ఆగింది?"

"లెక్కెందుకు భయ్యా! ఆగితే ఆగినట్టే. మల్లీ మొదట్నించీ మొదలెట్టినాం."

గురువారం భజనలో ఒకడు నవ్వుతూనే అనేశాడు. "మావా, ఇంక నువ్వు కూకుని ఇనుకో. మేం పాడతాంలే."

"నాదే తప్పురా. ముసిలి గొంతు," అని మావ లేచి వెనక వరసలోకి వెళ్ళాడు. నేను తాళం వేస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఆయన ఇంటికి వెళ్ళాను. "మావా, ఆ చీటీ..."

"సదివినాన్రా. నీ పేరు లేదు, నా పేరు రెండుమార్లుంది. ఏదో పనుంటాదిలే అనుకున్నాను. ఏటి పని?"

అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. "ఎలా పాడతారేటి ఆల్లు?" అన్నాడు. చేతులతో ఒకదానిమీద ఒకటి పెట్టి నాలుగు వరసలూ చూపించాను. నాకు హుషారొచ్చేసింది.

"మరి ఒకడికి దగ్గొస్తే?"

"పర్లేదు మావా. ఆడు ఆగి ఊపిరి తీసుకుంటాడు, మిగతావోల్లు నడిపించేస్తారు. ఆగినట్టే తెలీదు."

అనేశాక గానీ ఏమన్నానో తెలియలేదు. ఆయన "బాగుందిరా," అన్నాడు.

"వచ్చే గురువారం అందరికీ చెప్పేస్తాను మావా."

"సెప్పకు. సెప్తే జాలిపడి నన్ను మల్లీ ముందు కూకోమంటారు. అలాగొద్దు."

చెప్పలేదు. ఆయన వద్దన్నందుకే చెప్పలేదా, వద్దన్నాడు కదా అని బతికిపోయానా, నేటికీ తేల్చుకోలేదు. మావ వెనక వరసలోనే ఉండిపోయాడు. నేను మాత్రం ఆ మాటల మర్నాడే, శనివారం, నాలుగింటికి ఇంకా పావుగంట ఉండగానే చరోదాలో ఉన్నాను.