ఇంకొక్క చుట్టు

మా పక్క పొలం రైతు పోయాడని అతని తమ్ముడు వచ్చి చెప్పాడు. పిడుగు పడింది. మనిషీ, రెండు ఎడ్లూ నాట్ల కోసం దున్నుతున్న దమ్ముమడిలోనే కూలిపోయారు. ఆ సాయంత్రం నేను ఇంట్లో మోకాలికి కాపడం పెట్టుకుంటున్నాను. ఆ ఉరుము నేనూ విన్నాను. ఈ వెలుగులో కొంగలు ఫోటోలో ఎంత బాగా పడతాయో అనుకున్నాను. అప్పటినుంచి నాకు నేనంటేనే భయంగా ఉంది.

అతని గురించి చెప్పాలంటే కొంగల గురించి చెప్పాలి. అరకు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక కెమెరా పట్టాను. పక్షుల మీద బీరువా నిండా పుస్తకాలు చదివినవాణ్ణి. గడ్డిరంగు చొక్కా తొడుక్కుని గట్టు మీద గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే, ఒక్క తెల్లకొంగ కూడా దగ్గరికి వచ్చేది కాదు. ఒకరోజు ఆ రైతు నాగలి ఆపి నవ్వాడు.

"ఏటి మేస్టారూ, పిల్లిలాగ కూకున్నావు? పనిసేసేవోడికి కొంగ బెదరదు. ఊరికే కూకుని సూసేవోడికే బెదురుతాది. నా ఎనకాల రా."

చెప్పులు విడిచి బురదలో అతని వెనక నడిచాను. నాగలి కదిపిన పురుగుల కోసం కొంగలు మా కాళ్ల దాకా వచ్చాయి. నాకు పేరు తెచ్చిన ఫోటోలన్నీ అతని వీపు వెనక నుంచి తీసినవే. చెవి మీద సగం కాల్చిన చుట్టతో కెమెరాలోకి తొంగిచూసి, "బురద బాగా తీసినావు మేస్టారూ" అనేవాడు. కొంగ మాట ఎత్తేవాడు కాదు.

పిడుగంటే అతనికి భయం. దాచుకునేవాడు కాదు. తూర్పు కొండ మీద మబ్బు నల్లబడగానే కాడి దించేసేవాడు. నాకు కావలసిన వెలుగు సరిగ్గా అప్పుడే వచ్చేది. వెనక కాటుక మబ్బు, పడమటి నుంచి ఏటవాలు ఎండ, మధ్యలో తెల్లటి పక్షి.

"బేగి నడు. ఆ మబ్బు నీకు బొమ్మ, నాకు సావు."

ఒక్కసారి, మబ్బు కమ్ముతున్నా నేను పోరగా పోరగా, నాగలితో ఇంకొక్క చుట్టు తిరిగాడు. నా చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆకాశం చిట్లిన చప్పుడుకి ఇద్దరం బురదలో బోర్లా పడ్డాం. బురద ఒంటితోనే వాళ్లింటికి చేరాం. అతని భార్య నన్ను చూసి, "నీకు బుద్ధుందా మేస్టారూ?" అంది. ఆ చుట్టులో తీసిన ఫోటోకే బహుమతి వచ్చింది.

పట్నంలోని ఫోటోగ్రాఫర్ల సంఘం వాళ్లు తమ సంచికకు వ్యాసం అడిగితే రాశాను. మబ్బు కమ్మాక వచ్చే పది నిమిషాలు వదులుకోకండి అన్నాను. పొలానికి దారి కూడా చెప్పాను. అతని భయం గురించి రాయలేదు. రాస్తే వ్యాసం అందం చెడుతుందనుకున్నాను.

వాళ్లు వచ్చారు. తర్వాత జరిగింది తమ్ముడు చెప్పాడు. "అన్న ఎడ్లు ఇప్పేసినాడు మేస్టారూ. ఆళ్లు ఇంకొక్క సుట్టు అన్నారు. మేస్టారి స్నేహితులు కదాని మళ్లీ కట్టినాడు."

సంఘం వాళ్లు తమ సంచికలో కొంగ బొమ్మ కింద సంతాపం పెట్టారు. 'ప్రకృతి ఒడిలో ఒదిగిపోయాడు' అట. అయ్యా, ఒడి కాదు, మీరు అడిగిన చుట్టు. అడగడం మీకు నేర్పినవాణ్ణి నేను. మిమ్మల్ని తిట్టడానికే ఈ కాగితం తీశాను. తిట్టబోతే ప్రతి వాక్యానికీ నేనే అడ్డం వస్తున్నాను.

పదిహేను రోజులకు అదే గట్టు మీద మళ్లీ నాలుగు కెమెరాలు కనిపించాయి. తమ్ముడు అరువు ఎడ్లతో దమ్ము చేస్తున్నాడు. తూర్పు కొండ నల్లబడింది. కర్ర ఊతంతో వెళ్లాను. అరిచాను. నా గొంతు గాలికి నిలవలేదు. వంగి మట్టిబెడ్డలు ఏరి కొంగల మీదకు విసిరాను. అన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

"ఏయ్ ముసలాయనా, పిచ్చా నీకు?" అన్నాడొకడు.

"పిచ్చే! ఎడ్లు విప్పరా తమ్ముడూ!"

"ఏటి సేత్తన్నావు మేస్టారూ?" అంటూనే అతను కాడి దించాడు. కెమెరాలవాళ్లు తిట్టుకుంటూ కార్లెక్కారు.

ఆ రోజు పిడుగు పడలేదు. చినుకైనా రాలలేదు. మబ్బు కొండ దాటి పోయింది. ఖాళీ మడిలో సగం తిరిగిన చుట్టులో నిండిన నీళ్లు ఎండకు మెరుస్తున్నాయి. తమ్ముడు ఎడ్ల పగ్గాలు పట్టుకుని ఇంకా తూర్పుకే చూస్తూ నిలబడ్డాడు.