నీళ్ల బంపరు

ఆ పొద్దు షెడ్డులో బస్సు వెనక చక్రం కింద అరచెయ్యంత తడి కనిపించింది. వేలితో తాకి వాసన చూసినాను. బ్రేక్ ఆయిలు. చక్రం లోపలుండే చిన్న రబ్బరు కప్పు అరిగిపోయి ఆయిలు చుక్కచుక్కగా కారతా ఉండింది.

చిత్తూరులో ఒక ప్రైవేటు బస్సుల షెడ్డులో నేను అప్పుడు మెకానిక్కుని. డెబ్బైల చివరి మాట. ఓనరుకు మూడు బస్సులు. ఆ రబ్బరు కప్పు మా దగ్గర లేదు, మద్రాసు నుంచి రావాల. పోయి ఓనరుకు చెప్పినాను.

"సాయంత్రానికి తెప్పిస్తాలేప్పా. ఈ పొద్దుకు ఆయిలు పోసి పంపించు," అన్నాడు.

పోసినాను. బండిలోని బ్రేక్ ఆయిలు డబ్బా నిండా పోసి మూత బిగించినాను. కింద తడి మీద పిడికెడు మట్టి చల్లినాను.

ఆ బస్సు నడిపేది మా బావ, మా అక్క మొగుడు. చిత్తూరు నుంచి పాకాల మీదుగా తిరపతికి పోయి వచ్చే ట్రిప్పు ఆయనది. పొడుగు మనిషి, కూచుంటే మోకాళ్లు స్టీరింగుకు తగిలేవి. ముసలోళ్లు ఎక్కితే వాళ్లు సీటు చూసుకొని కూచునేదాకా బండి కదిలించేవాడు కాదు. కండక్టరు గొణిగినా ఇనిపించుకోడు. ఆయిలు సంగతి బావకు చెప్పలేదు. చెప్తే బండి తియ్యడనుకున్నాను. ఆయన సీటు మీద తువ్వాలు పరుచుకొని, నా వైపు చెయ్యెత్తి, బండి తీసుకొని పోయినాడు.

మిట్టమధ్యాన్నం కబురొచ్చింది. పాకాల దాటినాక పల్లంలో బ్రేకు పట్టలేదంట. ఎదురుగా మనుషులతో ఎద్దులబండి వస్తా ఉంటే, దాన్ని తప్పించి రోడ్డు పక్క కాలవ మోరీ గోడకు కొట్టినాడు. ఓనరు జీపులో పోయినాము. బస్సులో వాళ్లకు పళ్లు రాలినాయి, ఒకామెకు చెయ్యి విరిగింది. చనిపోయింది మాత్రం బావ ఒక్కడే. ముందువైపు రేకు జానెడు లోపలికి పోయింది, అంతే. ఆ జానెడులోనే స్టీరింగు ఆయన రొమ్ముకు ఆనుకొని ఉండింది.

"జోరుగా కూడా పోలేదు సామీ," అని ఒక పెద్దాయన నెత్తికి గుడ్డ కట్టుకొని అందరికీ చెప్తా ఉన్నాడు. "మెల్లగానే పోయి కొట్టుకునింది."

తిరిగొచ్చేటప్పుడు జీపులో ఓనరు రోడ్డు వైపే చూస్తా, "ఆ కప్పు సంగతి యాడా చెప్పబాకప్పా," అన్నాడు. నేను చెప్పలేదు. పోలీసోళ్లు బ్రేకు ఫెయిలు అని రాసుకొని పోయినారు. బస్సును షెడ్డుకు లాక్కొచ్చినాక దాన్ని బాగుచేసింది కూడా నేనే. వంగిపోయిన స్టీరింగు రాడ్డును విప్పి పక్కన పెడితే, అది ఎవరో ఒంగి కూచున్నట్టు కనిపించింది. దాని మీద గోనెపట్ట కప్పి పని చేసినాను.

అక్క బిడ్డను ఎత్తుకొని మా ఇంటికొచ్చేసింది. కుట్టుమిషను ఒకటి ఉండింది ఆమెకు, దాన్ని వరండాలో పెట్టుకొని రవికెలు కుట్టేది. ఆ మిషను చప్పుడు ఆగినప్పుడల్లా నేను చేతిలో పని ఆపేసేవాణ్ణి, ఇప్పుడు లేచొచ్చి అడగతాదేమో అని. ఆమె ఏమీ అడగలేదు.

నాకు పగటిపూటే ఏందేందో అయ్యేది. యాడ బండి నిలబడి ఉన్నా ఒంగి దాని కింద చూసేవాణ్ణి. తడి కనిపిస్తే వేలితో తాకి వాసన చూడకపోతే కాలు కదిలేది కాదు. మామూలు నీళ్లే అయినా సరే. బజార్లో జనం నన్ను చూసి నవ్వుకునేవాళ్లు. సాయంత్రం బస్సులు షెడ్డుకొచ్చే వేళకు, పొడుగాటి మనిషి ఒకడు తువ్వాలు దులుపుకుంటా దిగినట్టు ఉండేది. తలెత్తి చూస్తే కొత్త డ్రైవరు.

మరుసటి ఎండాకాలం స్పేరు పార్టుల కోసరం తిరపతికి పోతా ఉంటే, దోవలో వంతెన పని జరిగే చోట జనం గుమిగూడి ఉన్నారు. నేను ఎక్కిన బస్సు కూడా ఆగింది. శెనక్కాయ మూటల లారీ ఒకటి అదుపు తప్పి, సిమెంటు పనికి నీళ్లు నింపి వరసగా పెట్టిన ఇనప డ్రమ్ములను కొట్టింది. డ్రమ్ముల వెనకాల కొత్తగా కట్టిన రాతిగోడ. లారీ దానిదాకా పోలేదు.

డ్రైవరు తడి గుడ్డలతో రోడ్డు పక్కన కూచొని ఉన్నాడు. బీడీ ముట్టించబోతే అగ్గిపెట్టె తడిసిపోయింది. నా అగ్గిపెట్టె ఇచ్చినాను.

"ఎట్లుండిందన్నా, కొట్టినప్పుడు?" అని అడిగినాను.

"కండ్లు మూసుకుంటినప్పా. గోడకు కొట్టినట్టు లేదు. వడ్ల కుప్పలో పడినట్టు ఉండింది. కండ్లు తెరిస్తే నెత్తిన నీళ్లు," అన్నాడు.

లేచిపోయి డ్రమ్ములను చూసినాను. మొదటిది అప్పడం మాదిరి అయిపోయింది. రెండోది సగానికి నలిగింది. మూడోదానికి సొట్ట పడింది. నాలుగోదాంట్లో నీళ్లు అంచుదాకా అట్నే ఉండాయి. నా బస్సు హారను కొట్టి కొట్టి ఎల్లిపోయింది. నేను ఆడనే నిలబడిపోయినాను.

నీళ్లను నొక్కితే నలగవు. మూత బిగించిన డ్రమ్ము అయితే రాయీ అదీ ఒకటే. ఈ డ్రమ్ముల మూతులు తెరిచి ఉండాయి కాబట్టి నీళ్లు పైకి ఎగజిమ్మినాయి, ఆ ఎగజిమ్మేదానికే లారీ జోరంతా ఖర్చయిపోయింది. షాకబ్జరులో ఆయిలు చేసే పని కూడా ఇదే. చక్రం గుంతలో పడితే లోపలి ఆయిలు సన్న బెజ్జాల్లో నుంచి దూరిపోవాల, ఆ దూరేదాంట్లో అదురు చచ్చిపోతాది. ఇన్నేండ్లు చేతుల్తో విప్పి బిగించినా, అదేందో నాకు ఆ పొద్దే అర్థమయింది.

పాత లారీ ట్యూబులను కోసి, కొసలు పంచరు షాపులో అతికించి, రెండు జానల పొడుగు తిత్తులు ఆరు చేసినాను. నీళ్లు నింపితే రబ్బరు ఉబ్బి పక్కలకు పోతా ఉండింది. దానికి గట్టి గుడ్డ తొడుగు కావాల. టార్పాలిన్ గుడ్డ తెచ్చి అక్క ముందర పెట్టినాను.

"ఎందుకివి?" అనింది.

"బస్సుకు ముందర బంపరు మాదిరి కట్టేదానికి. నీళ్లు నింపి."

ఇంగొక మాట అడగలేదు. రెండు సూదులు విరిగినాయి. మూడో సూదితో రెట్టింపు కుట్లు వేసి ఆరు తొడుగులూ ఇచ్చింది.

ఒక్కో తిత్తి పైకొసన రెండు బెజ్జాలు పెట్టి, చెక్క బిరడాలు బిగించినాను. గుద్దుకున్నప్పుడు బిరడాలు ఎగిరి, నీళ్లు ఆ బెజ్జాల్లో నుంచి పోవాల. ఓనరు దగ్గరికి పోయి, బస్సుకు కడతానని చెప్పినాను. ఎందుకని ఆయనా అడగలేదు. "పెట్టుకోప్పా," అన్నాడు. నా మొహం వైపు చూడలేదు.

ఆదివారం షెడ్డులో ఎవరూ లేనప్పుడు, బావ నడిపిన ఆ బస్సుకే తిత్తులు కట్టి, నేనే స్టీరింగు పట్టుకొని వెనక గోడకు కొట్టినాను. నడిచే మనిషికంటే కొంచెం జోరు, అంతే. బిరడాలు మరీ గట్టిగా దిగ్గొట్టేసి ఉన్నాను. ఒక్కటీ ఊడలేదు. బండరాయికి కొట్టినట్టే అయింది. అద్దం పగిలింది, నా రొమ్ము పోయి స్టీరింగుకు తగిలింది. ఊపిరి ఆడలేదు. బావకు ఎట్లుండిందో ఆ కాసేపు నాకు తెలిసొచ్చింది. కిందికి దిగి చక్రానికి ఆనుకొని చానాసేపు కూచున్నాను.

మళ్లా ఆదివారం బిరడాలను వదులుగా పెట్టి కొట్టినాను. ఈ తూరి దబ్‌మని చప్పుడై, పన్నెండు బెజ్జాల్లో నుంచి నీళ్లు షెడ్డు రేకుల దాకా లేచినాయి. నా ఒళ్లు ముందుకు ఊగింది గానీ స్టీరింగుకు తగల్లేదు. తల తిప్పితే గేటు దగ్గర అక్క నిలబడి ఉంది. అన్నం క్యారియరు తెచ్చింది. దాన్ని గేటు పక్కన పెట్టేసి ఎల్లిపోయింది.

తిత్తులతో బస్సు రోడ్డు మీదికి పోయింది. పాకాలలో జనం చుట్టూ చేరి చూసేవాళ్లంట. "ఏందప్పా, మీ బస్సు ఈనేదానికి ఉండాదా?" అని నవ్వేవాళ్లంట. కొత్త డ్రైవరు సిగ్గుతో సచ్చిపోయేవాడు. "ఎనుము పొదుగు మాదిరి ఉండాయన్నా, తీసెయ్," అని నాతో రోజూ తగాదా. ఎండకు నీళ్లు తగ్గిపోయేవి. పొద్దున్నే ఒక్కో తిత్తీ నొక్కి చూసి నింపితే గానీ బండిని పోనిచ్చేవాణ్ణి కాదు.

ఆ ఏడు వానాకాలంలో, తుంపర పడతా ఉంటే, మలుపు తిరిగేసరికి దోవలో లారీ నిలబడి ఉందంట. డ్రైవరు బ్రేకు తొక్కినాడు. బ్రేకు పట్టింది గానీ బురదలో చక్రాలు జారి, పోయి లారీ వెనక కొట్టినాడు. తిత్తులు మూడు చినిగిపోయినాయి. మిగతావాటి బిరడాలు ఎగిరి, నీళ్లు అద్దం మీదికి కొట్టినాయి. బస్సులో ఎవరికీ ఏమీ కాలేదు. డ్రైవరుకు పెదవి పగిలింది.

రెండో పొద్దు అతను పెండ్లాన్ని తీసుకొని, అరటిపండ్లు పట్టుకొని మా ఇంటికొచ్చినాడు. తిత్తుల తొడుగులు కుట్టింది అక్కేనని ఎవరో చెప్పినారంట. ఆ పిల్ల పోయి అక్క కాళ్లు పట్టుకునింది. అక్క లేపి కూచోబెట్టి మజ్జిగ ఇచ్చింది. వాళ్లు ఉన్నంతసేపూ బాగనే మాట్లాడింది. పోయినాక మిషను ముందర కూచొని, దారం ఎక్కిస్తా అడిగింది.

"మీ బావ బండికి ఇవి ఉండుంటే బతికుండునా?"

"ఏమో అక్కా. బండి ఎంత జోరుగా ఉండిందో..."

"జోరు లేదని అందరూ చెప్పిరి గదా."

ఇంగ నాకు దాచేదానికి చాత కాలేదు. "అక్కా, ఆ పొద్దు బ్రేక్ ఆయిలు కారతా ఉండిందని నాకు తెలుసు. ఓనరు పంపించమన్నాడు. నేను ఆయిలు పోసి పంపించినా. బావకు చెప్పలేదు," అన్నాను.

ఆమె సూది బెజ్జం వైపే చూస్తా ఉంది.

"మీ బావకు తెలుసు," అనింది. "ముందు రోజే బ్రేకు మెత్తబడిందని కనిపెట్టినాడు. పొద్దున సంగటి తింటా నాతో చెప్పినాడు. 'నేను బండి తియ్యనంటే ఓనరు మీ తమ్మునే తిడతాడు, పని కూడా తీసేస్తాడేమో, ఈ పొద్దుకు మెల్లగా పోయొస్తాలే' అన్నాడు. నేను వద్దనలేదు. 'సరే పోయిరా' అన్నా."

బయట వాన పట్టింది. బిడ్డ లేచి ఏడిస్తే అక్క పోయి ఎత్తుకునింది.

మరుసటి పొద్దు షెడ్డుకు పోబోతా ఉంటే వెనక నుంచి పిలిచింది. "చినిగినవాటికి మూడు తొడుగులు కావాల గదా. ఇంగా రెండు బస్సులు కూడా ఉండాయి గదా. గుడ్డ తీసుకొని రా," అనింది.

మూడు బస్సులకూ కట్టినాము. రెండేండ్లకు పైగా తిరిగినాయి అట్లనే. ఎనబైలు వచ్చినాక ఆ దోవన గవర్నమెంటు బస్సులు ఎక్కువైపోయి, ఓనరు బస్సులు అమ్మేసినాడు. బస్సులు కొనుక్కున్నోళ్లు షెడ్డులోనే తిత్తులు ఊడదీసి గోడ పక్కన పడేసి పోయినారు. ఆ రెండేండ్లలో మా బస్సుల్లో ఎవరూ చావలేదు. అది నీళ్ల వల్లనో, రోజూ పొద్దున్నే బండి కింద ఒంగి చూసినందువల్లనో నేను చెప్పలేను.

నేను తిరపతికి పోయి సొంతంగా షెడ్డు పెట్టుకున్నాను. అక్క చిత్తూరులోనే ఉండి లారీలకు టార్పాలిన్లు కుట్టింది, బిడ్డను చదివించింది. పండగకో పనికో నేను పోతే ఎదురుగా కూచొని వడ్డించేది. ఆమె పెట్టిన అన్నాన్ని ఆమె ముందర తలెత్తుకొని తినేదానికి నాకు చానా ఏండ్లు పట్టింది.