రేవులో వినిపించని మాట

డెబ్బై నాలుగులో నేను విజయవాడలో బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నాను. చావు దగ్గరపడినవాళ్ల మాట నాకు వినిపించేది కాదు. పెదవులు కదిలేవి, శబ్దం ఉండేది కాదు. మొదట అమ్మమ్మ విషయంలో, తర్వాత మా పాస్టరు గారి విషయంలో అలాగే జరిగింది. ఇద్దరూ మర్నాటికి లేరు. పిచ్చిదంటారని ఎవరికీ చెప్పలేదు.

నా క్లాస్‌మేట్ సుధాకర్‌ది కృష్ణ మధ్యలో ఉన్న ఓ లంక గ్రామం. మేమిద్దరం పెళ్లి చేసుకోవాలనుకున్నాం. ఆ వర్షాకాలంలో ఒక శనివారం అతను చెల్లెలు రూతుతో ఊరికి వెళ్తుంటే, సాగనంపడానికి నేనూ రేవు దాకా వెళ్లాను. కృష్ణ వరద మీద ఉంది. సుధాకర్ నావైపు తిరిగి ఏదో చెప్పి నవ్వాడు. నాకు వినిపించలేదు. పక్కనే పడవవాడి కేకలు మాత్రం స్పష్టంగా వినిపిస్తున్నాయి.

అతని చెయ్యి పట్టుకుని, "వెళ్లొద్దు సుధాకర్, ఈ పడవ ఎక్కకు" అన్నాను. అతను నా ముఖంలోకి చూస్తూ ఏదో అడిగాడు. మళ్లీ అడిగాడు. నేను ఏడుస్తూ నిలబడిపోయాను. చివరికి చెయ్యి విడిపించుకుని పడవెక్కాడు.

నడి ఏట్లో పడవ బోల్తా పడింది. మిగతా అందరినీ ప్రాణాలతో ఒడ్డుకు లాగారు. సుధాకర్ శవం మర్నాడు దొరికింది.

సమాధి దగ్గర రూతు నన్ను నిలదీసింది. "ఎందుకొద్దో చెప్పు, ఆగిపోతానని అన్నయ్య రెండుసార్లు అడిగాడు కదండీ! మీరు నోరు విప్పలేదేం?"

"నీ మాట నాకు వినిపించడం లేదు" అని ఒక్కసారి అని ఉంటే అతను ఆగేవాడు. పిచ్చిదాన్ననుకుంటాడని భయపడ్డాను.

— ఓ పాఠకురాలు, గుడివాడ