కన్నుకుట్టు

ఆ ఇంట్లో వీధివైపు గది మొత్తం కుట్టుపనికే. కిటికీ పక్కన చట్రం, చట్రానికి బిగించిన గుడ్డ, దాని ముందు పెద్దకోడలు. ఆవిడ కుట్టిన పువ్వును తిరగేసి చూస్తే ముందేదో వెనకేదో పోల్చుకోవడం కష్టం. చెయ్యి అంత శుభ్రం. నోరు మాత్రం లేదు. అడిగితే ఒక ముక్క, అడక్కపోతే అదీ లేదు.

చిన్నకోడలు దీనికి పూర్తిగా తలకిందులు. ఆమె కుట్టు వెనకవైపు కాకిగూడు. మాటలు కోటలు దాటేవి.

చూపు మందగించి అత్తగారు సూది పక్కన పెట్టేసింది. ఆవిడ దగ్గర మిగిలినవి కుట్ల పాత పేర్లు. కోడికాలు, చేపముల్లు, గోధుమగింజ, దొంగకుట్టు. మధ్యాహ్నం పూట చిన్నకోడలిని పక్కన కూచోబెట్టుకుని వాటి పుట్టుపూర్వోత్తరాలు చెప్పేది.

"ఇప్పుడు గొలుసుకుట్టు అంటున్నాం గానీ, మా అత్తగారి కాలంలో అది సంకెల కుట్టే. ఓ పెళ్ళికూతురి తల్లి 'శుభమా అని పెళ్ళి చేస్తుంటే సంకెలేంటి' అని గొడవ చేసింది. దాంతో గొలుసైపోయింది."

చిన్నకోడలు పకపకా నవ్వేది. చట్రం దగ్గర పెద్దకోడలికి కడుపు రగిలేది. ఆ గొలుసు రోజంతా కుడుతున్నది తను! ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?"

"నీకెందుకే? నీ చేతికి అన్నీ వచ్చు. పాపం, దానికి చెయ్యి రాదు. మాటైనా రానీ."

ఆ 'పాపం' ఆవిడకు గోరుకింద సూదిలా దిగింది.

కొన్నాళ్ళకు చిన్నకోడలు పాత దిండుగలీబొకటి పట్టుకొచ్చింది. గుడ్డలో చిన్న బెజ్జం చేసి, చుట్టూ దారం బిగించిన కుట్టు. దాని పేరు అత్తగారికే గుర్తురాలేదు.

"అక్కా, దీన్నేమంటారో నీకేమైనా తెలుసా?"

"కన్నుకుట్టు," అంది పెద్దకోడలు తలెత్తకుండా. అప్పుడు తనలో ఉన్నదాని పేరే నోటికొచ్చింది. నలుగురిలో ఆ మాటంటే ఇది నవ్వులపాలవుతుందిలే అనుకుంది.

మర్నాడు పరదాల పని ఇవ్వడానికి వచ్చిన దర్జీతో చిన్నకోడలు ఆ మాట అననే అంది. దర్జీ గలీబును వెలుతురుకెత్తి చూశాడు.

"అచ్చం కన్నులాగే ఉందమ్మా! ఎంత బాగా చెప్పారు! నా పరదాల అంచుకి ఇదే వెయ్యండి."

అత్తగారి మొహం వెలిగిపోయింది. "ఎక్కడ పట్టావే ఈ మాట?"

"నాదేం లేదత్తయ్యా, అక్కే చెప్పింది."

"దానికి మాటలెక్కడివే? నీ గొప్ప దానికి అంటగడుతున్నావు. మంచి మనసు నీది!"

మాటా పోయింది, మంచితనమూ దానికే పోయింది. పెద్దకోడలు పళ్ళు బిగించి దారం తెంపింది.

దర్జీ నుంచి ఆ పేరు వీధి వీధికీ పాకింది. ఎవరొచ్చినా కన్నుకుట్టే కావాలనేవారు. వేళ్ళు నొప్పులని పెద్దకోడలు ఆ పని ముట్టేది కాదు. కానీ చిన్నకోడలు కుట్టిన మెల్లకళ్ళు చూసి ఊరుకోలేక, ఎవరూ లేనప్పుడు విప్పి మళ్ళీ కుట్టేది.

ఓసారి కొత్తగా వచ్చిన ఒకామె ఆ పేరెలా వచ్చిందని అడిగింది. చిన్నకోడలు అందుకుంది. "పూర్వం ఓ రాణిగారికి కుట్టిన దుప్పటి చూసి ఆవిడ సవతికి..."

"రాణీ లేదు, సవతీ లేదు!" పెద్దకోడలు లేచి నిలబడింది. "ఆ మాట నాది. దీని మీద కుళ్ళుతో పుట్టించాను!"

చిన్నకోడలు మెల్లగా అంది: "ఆ రోజే తెలుసక్కా. నీ మొహం చూస్తే తెలియదా? బాగుందని వాడాను."

పెద్దకోడలు మళ్ళీ కూలబడింది. ఆఖరికి తన మనసులో మాట కూడా దానికే ముందు తెలిసింది! అత్తగారు మాత్రం పెద్దకోడలి వైపు తిరిగి, "ఇటు రావే, నా పక్కన కూచో," అంది.

ఆవిడ వెళ్ళి కూచుంది. అక్కడ చిన్నకోడలికి చోటు మిగలకుండా కాస్త వెడల్పుగానే కూచుంది.