క్యూలో ఆఖరి మనిషి

మా యూనివర్సిటీ వీసీ గారికి ఒకటే పిచ్చి. క్యూ కనిపిస్తే చాలు, వెళ్ళి ఆఖర్న నిలబడతారు. అది దేనికున్న క్యూ, అందులో తనకేం పని అన్న ఆలోచనే ఉండదు.

నేను ఆయన పి.ఏ.ని. ఆయన పదవిలో చేరిన రోజే ఆ పిచ్చి రుచి చూపించారు. పూలగుత్తులు పట్టుకుని మేమంతా మెట్ల మీద ఎదురుచూస్తున్నాం. గంటయినా మనిషి జాడ లేదు. వెతగ్గా వెతగ్గా గేటు దగ్గర, సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టే క్యూలో దొరికారు. వెనక వచ్చిన ప్రతివారికీ "మీరు ముందుకెళ్ళండి, నాకు తొందర లేదు" అంటూ దారి ఇస్తున్నారు. నేను చెయ్యి పట్టుకుని లాక్కురాకపోతే పదవీకాలమంతా గేటు దగ్గరే గడిచిపోయేది.

అంతకుముందు ముప్ఫై ఏళ్ళు ఆయన కంప్యూటర్ సైన్సు ప్రొఫెసరు. కంప్యూటర్లో ఏ పని ముందు జరగాలి, ఏది వెనక అన్నదే ఆయన పరిశోధన. "పెద్ద పనులు తోసుకుని వెళ్ళిపోతాయండీ. చిన్న పని, పాపం, వంతు రాక అక్కడే పడుంటుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండాలి" అనేవారు. ఊరి బడిలో చదువుకున్నవాణ్ణి, ఆ మెషీన్ సంగతి నాకేం తెలుసు? ఈ మనిషిని కనిపెట్టుకుని ఉండమని మాత్రం దేవుడు నా నుదుట రాశాడు.

ఒకరోజు పదకొండింటికి వాళ్ళావిడ ఫోన్ చేశారు.

"అన్నయ్య గారూ, ఆయన ఆఫీసుకొచ్చారా?"

"లేదమ్మా."

"ఏడింటికి పాలకి పంపానండీ!"

"అక్కడ క్యూ ఉందా?"

"ఉండకేం!"

"అయితే ఇవాళ్టికి కాఫీ మీద ఆశ వదులుకోండమ్మా."

మొన్న మూడున్నరకి పాలకమండలి సమావేశం. నాలుగు కావస్తోంది, ఆయన లేరు. ఆ వేళప్పుడు క్యూ ఉండేది అక్కడే కదా అని సర్టిఫికెట్ల కౌంటరుకి పరుగెత్తాను. అక్కడి గుమాస్తా నాలుగు కొట్టగానే, ఎదురుగా ఎవరున్నా సరే, కిటికీ మూసేస్తాడు. పదిమంది వెనక మా వీసీ గారు.

"సార్! మండలివాళ్ళు అరగంట నుంచీ కూర్చున్నారు!"

"కూర్చున్నారు కదా. వీళ్ళు నిలబడ్డారు."

ఇంతలో హాస్టల్ గదులు ఊడ్చే ఆవిడ రొప్పుతూ వచ్చింది. పనిచేస్తూనే డిగ్రీ పాసైంది. మర్నాడు పొద్దున్నే సర్టిఫికెట్ చూపిస్తే లైబ్రరీలో ఉద్యోగం, లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి.

"ఇప్పుడే వదిలారయ్యా పనిలోంచి. నా దాకా వస్తుందంటారా?" అని ఆయన్నే అడిగింది.

"వస్తుందమ్మా. మీరు ముందుకెళ్ళండి, నాకు తొందర లేదు."

నాలుగు కొట్టింది. గుమాస్తా చెయ్యి కిటికీ తలుపు మీద పడింది. క్యూ చివరికి చూశాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కాసేపటికి మెల్లగా దిగి, మళ్ళీ కాగితాల మీదికి వెళ్ళింది.

నాలుగున్నరకి ఆవిడ సర్టిఫికెట్ కళ్ళకద్దుకుంది. వెళుతూ వెళుతూ వీసీ గారి చెవిలో, "మీరూ త్వరగా తీసేసుకోండయ్యా, వీడు మహా చెడ్డవాడు, మూసేస్తాడు!" అని హెచ్చరించింది.

"సార్, తమకేం కావాలి?" అన్నాడు గుమాస్తా, చెమటలు తుడుచుకుంటూ.

"నాకేం వద్దు నాయనా. ఇక మూసేసుకో."

అప్పుడు తట్టింది నాకు. ఇన్నాళ్ళలో ఏ కిటికీ నుంచీ ఆయన ఒక్క కాగితం తెచ్చుకోగా చూడలేదు. ఆయన ఆఖర్న ఉండగా ఏ కిటికీ మూతపడటమూ చూడలేదు. మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

పరుగున వెనక్కి వచ్చాం. లోపల పాలకమండలి మండిపడుతోంది. ఆయన గది ముందు ఇద్దరు సందర్శకులు నిలబడి ఉన్నారు. ఆయన వెళ్ళి వాళ్ళ వెనక నిలబడ్డారు. రోజూ అయితే లాక్కెళ్ళేవాణ్ణే. ఆ రోజు నేనూ వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాను.

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసి, పక్కకి జరిగారు.

"మీరు ముందుకెళ్ళండి, నాకు తొందర లేదు."