అత్తయ్య నడుము గీసిన ఎండాకాలం

మొన్న పొద్దున మణికట్టుకు తైలం రాసుకుంటూ కూర్చున్నప్పుడు, నా పాత పిల్లల పుస్తకాన్ని మళ్లీ వేస్తామంటూ ప్రచురణ సంస్థ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. బొమ్మలు ఫోటో తీసి పంపితే చాలనీ, రంగులూ సర్దుబాట్లూ కంప్యూటర్ మీద ఒక పూటలో తామే చేసుకుంటామనీ చెప్పింది. మంచి పిల్లే, మర్యాదగానే మాట్లాడింది. సరేనమ్మా అన్నాను గాని, ఫోన్ పెట్టేశాక లేచి ఆ బొమ్మలు దాచిన పెట్టె తెరవడానికి ఓపిక చాలలేదు. ఆ పుస్తకానికి నాకు ఒక ఎండాకాలం మొత్తం పట్టింది.

అప్పుడు మేము గురజాలలో ఉండేవాళ్లం. ఆయన పొద్దున్నే బస్సెక్కి దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్లిపోతే, ఇంట్లో నేనూ అత్తయ్యా మిగిలేవాళ్లం. విజయవాడ నుంచి పోస్టులో కథలు వచ్చేవి, నేను బొమ్మలు వేసి పంపేదాన్ని. నా కళ్లెదుట ఉన్నది నాపరాళ్లూ తుమ్మచెట్లూ అయితే, ఆ కథల కోసం ఎక్కడివో పచ్చని అడవులూ రాజభవనాలూ గీసి గీసి విసుగెత్తి, ఒకసారి కథ కూడా నేనే రాసుకున్నాను. మిరపకాయలు ఆరబోసిన కల్లంలోకి ఒక మేకపిల్ల దూరుతుంది, కాపలా ఉన్న ముసలమ్మ దాన్ని తరుముతుంది, చివరికి ఘాటుకు రెండు ప్రాణాలూ తుమ్ముతూ ఒకేచోట కూలబడతాయి. అంతే కథ.

ఆ రోజుల్లో బొమ్మల పుస్తకమంటే, ముందు తెల్లకాగితాలు మడిచి దారంతో కుట్టి, ఏ పేజీ తిప్పితే మేక కనబడాలో, ఎక్కడ ముసలమ్మ కర్ర ఎత్తాలో పెన్సిలుతో చూసుకునేదాన్ని. అది కుదిరాక దళసరి షీటు మీద నల్లసిరాలో పాళీ ముంచి గీయాలి. గీత తప్పితే బ్లేడుతో గీకాలి, ఎక్కువ గీకామా, కాగితం పీచు లేచి సిరా పాకేది, ఇక మళ్లీ మొదటికే.

ముసలమ్మ కోసం అత్తయ్యనే కూర్చోబెట్టాను. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఆవిడ వసారాలో కర్ర పట్టుకుని నిలబడేది, కాళ్లు లాగితే కూర్చునేది, ఒక్కోసారి కూర్చునే కునుకు తీసేది. చిన్నప్పటినుంచీ మిరప చేలల్లో వంగిన ఒళ్లు. ఆ వంపు నాకు ఎంత నచ్చిందంటే, మెడ దగ్గర మొదలై నడుము దాకా ఒకే గీతలో దింపడం కోసం ఎన్ని కాగితాలు పాడుచేశానో గుర్తులేదు. పదకొండు బొమ్మలూ పూర్తయ్యాక సంబరంగా చూపించాను.

ఆవిడ చానాసేపు చూసింది. "ఏందే, నా నడుం ఇంతగా వంగిందా?" అంది.

మా ఇంట్లో ఉన్నది ముఖం వరకే కనబడే చిన్న అద్దం. ఆవిడ తన వీపు ఎన్నడూ చూసుకోలేదన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు. తర్వాత రెండు రోజులు గోడ పట్టుకుని నిటారుగా నడవాలని చూసింది, నేను చూస్తే ఆగిపోయేది. ఆ షీట్లన్నీ పొయ్యిలో పెట్టేసి, ముసలమ్మను నిటారుగా నిలబెట్టి పదకొండూ మళ్లీ వేసి పంపాను.

పుస్తకం అచ్చయి వచ్చినప్పుడు అత్తయ్య దాన్ని కొంగులో పెట్టుకుని వీధంతా తిరిగింది. ఇది నేనేనని చెబితే, పక్కింటి చిన్నపిల్ల బొమ్మనూ ఆవిడనూ మార్చి మార్చి చూసి, "ఈమె నువ్వు కాదుగా మామ్మా" అందట. ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది. తర్వాత పుస్తకం నా ఒళ్లో పెట్టి, "నేనేదో అన్నానని ఎందుకు మార్చావే? అదే బాగుండె" అంది. మళ్లీ గీస్తాను, కూర్చోమంటే, ఇంక ఓపిక లేదని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎన్నడూ కూర్చోలేదు. ఆవిడ పోయాక ఒకటి రెండుసార్లు జ్ఞాపకం మీద గీద్దామని చూశాను గాని, గీత మెడ దగ్గరే ఆగిపోయేది.

ఇప్పుడు బొమ్మలు నాకన్నా చక్కగా వేస్తున్నారు, రంగులు కళ్లకు పండగలా ఉంటున్నాయి, తప్పు దిద్దితే ఆనవాలు కూడా మిగలదు. వాటిని తప్పుపట్టే ఓపికా నాకు లేదు, హక్కూ లేదు. కానీ ఒక్కటే అనిపిస్తుంది. అప్పట్లో పనికోసమైనా సరే, ఒక మనిషిని మధ్యాహ్నాల తరబడి కదలకుండా చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్లలో మళ్లీ ఎవరినీ అంతసేపు చూడలేదు, నన్నూ ఎవరూ చూడలేదు.