ఆంటీ ఆవమడి

శుక్రవారం పొద్దున ఆంటీ కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మీ ఇక లేదు. జుమా నమాజు తర్వాత తీసుకెళ్తున్నాం, వీలైతే రండి," అని పెట్టేశాడు. కొన్నాళ్లుగా ఆవిడ మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో ఆ అబ్బాయి ఇంట్లోనే మంచం మీద ఉన్నారు. కిడ్నీలు పాడయ్యాయి. ఎందుకు పాడయ్యాయో డాక్టర్లు తేల్చలేదు, వయసన్నారు. నాకు మాత్రం ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఆవిడ పాత ఇంటి పెరడే కళ్లముందు ఆడుతోంది.

ఆంటీ మాకు చుట్టం కాదు. మెల్‌బోర్న్ పడమటి వైపు మేం మొదట అద్దెకు దిగినప్పుడు పక్కింటావిడ. బాపట్లలో వ్యవసాయం చదువుకుని, ఇక్కడ యూనివర్సిటీలో మట్టి గురించి పాఠాలు చెప్పేవారు. మా ఆయన కంప్యూటర్ల వైటూకే పని మీద వచ్చాడు, నేను రెండేళ్ల పాపని చంకనేసుకుని వెనకాలే వచ్చాను. ఆ వీధిలో గుంటూరు తెలుగు వినపడితే ప్రాణం లేచొచ్చింది. మొదటి రోజే ఆవిడ కంచె మీంచి బిర్యానీ గిన్నె అందిస్తూ, "అమ్మాయ్, పెరట్లో ఏవీ వెయ్యకు. ఆకుకూర తినాలనిపిస్తే కొనుక్కో," అన్నారు. కొత్తగా దిగినవాళ్లని ఇలా ఎవరైనా పలకరిస్తారా అనుకున్నాను.

సంగతి తర్వాత చెప్పారు. ఆవిడ కొనుక్కున్న ఇంట్లో అంతకు ముందున్నవాడు షెడ్డులో పాత కార్ల బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాడట. ఆ విషమంతా మట్టిలోకి దిగింది. ఇల్లు కొన్నాక తన పెరటి మట్టి తనే పరీక్ష చేయించుకుని, తల పట్టుకున్నారు. మా వైపు మట్టి కూడా చూద్దామని మా ఇంటి ఓనరుని అడిగితే, కొత్త మట్టి పోసి గడ్డి పరిపించాను, నా ఇంటికి వంకలు పెట్టొద్దని కసురుకున్నాడట. "మట్టికి ఫెన్స్ ఉందని తెలీదు కదమ్మా," అని నవ్వేశారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆవిడ తన పెరడంతా ఆవాలు చల్లేవారు. ఆవమొక్క మట్టిలోంచి సీసాన్ని కొంచెం కొంచెంగా పైకి లాగుతుందట. నేల చెడ్డదైతే మొక్క వాడిపోవాలని కదా మనం అనుకుంటాం! అవి ఏపుగా, నవనవలాడుతూ పెరిగేవి. పొద్దున్నే కిటికీలోంచి ఆ పచ్చదనం చూస్తే నాకు ఒళ్లు జలదరించేది. పూత రాకముందే ఆంటీ గ్లవ్స్ వేసుకుని వేళ్లతో సహా పీకి, మందపాటి సంచుల్లో మూతి కట్టి, యూనిలో విషపు చెత్తలో వెయ్యడానికి తీసుకెళ్లిపోయేవారు. చెప్పులు గుమ్మం బయటే వదిలి, మోచేతుల దాకా కడుక్కుని గాని లోపల కాలు పెట్టేవారు కాదు.

"ఇట్లా చేస్తే మట్టి శుభ్రమైపోతుందా ఆంటీ?" అని ఓసారి అడిగాను.

"మొక్క శుభ్రం చెయ్యదమ్మా, మోస్తుంది. మోసింది ఎక్కడ దించుతున్నావో నువ్వు చూసుకోవాలి."

"ఎన్నాళ్లకి అయిపోతుంది?"

"సీసం మొండి ఘటం. నేను రిటైరవుతా గానీ ఇది అవదు."

తొంభై తొమ్మిది సగం దాటేసరికి ఊరంతా ఒకటే భయం. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి పన్నెండు కొట్టగానే కంప్యూటర్లు ఆగిపోతాయని, కరెంటు పోతుందని. మా ఆయన నీళ్ల క్యాన్లు, డబ్బా శనగలు తెచ్చి గరాజ్ నింపాడు. ఆంటీ చూసి, "దాని తారీఖైనా తెలుసు. నా పెరటికి తారీఖు లేదు," అన్నారు. ఆ వెంటనే అన్నగారి కూతురి పెళ్లికని గుంటూరు వెళ్లారు. వెళ్లినావిడకి అక్కడ జ్వరమొచ్చి ప్రయాణం వాయిదా పడింది. ఇక్కడ ఆవమడి పూసింది, కాసింది, ఎండింది.

అప్పటికే మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. పక్క పెరటి సంగతి ఆవిడకి చెప్పాలని నాకు తోచలేదు. డిసెంబరులో పచ్చిమామిడికాయలు కనిపించేసరికి ఆవిడ ఆగలేకపోయారు, ఆవకాయ పెట్టాల్సిందే! ఆ రోజు నేను బజారుకెళ్లాను. తిరిగొచ్చేసరికి కాయలు కోసి, కారం, నూనె, దంచిన ఆవపిండి కలిపేసి, బేసిన్‌కి అంటుకున్న గుజ్జులో వేడన్నం, నెయ్యి వేసి ముద్దలు చేస్తున్నారు. ఆవకాయ పెట్టిన రోజు ఆ ముద్దలు పెట్టకపోతే మా ఇంట్లో పచ్చడి పెట్టినట్టే కాదు. పాపకి కారం తగలకుండా ఇంకాస్త నెయ్యి వేసి నోట్లో పెట్టారు. అది చప్పరిస్తూ ఇంకోటడిగింది.

అప్పుడే ఆంటీ మా ఇంటికి వచ్చారు. ముందు రోజు రాత్రే ఊర్నించి దిగారు, ఇంకా పెరట్లో అడుగు పెట్టలేదు. అత్తగారు ప్లేటులో ముద్ద పెట్టి చేతికిచ్చారు.

"రంజాను కదా, రోజా ఉన్నా వదినగారూ. సాయంత్రం విప్పినాక తింటా," అని ఆంటీ ప్లేటు మీద మూత పెట్టుకుని కంచెకున్న గేటు గుండా తన పెరట్లోకి వెళ్లారు. వెళ్లినావిడ నిమిషంలో వెనక్కొచ్చారు. ప్లేటు బల్ల మీద పెట్టేశారు.

"వదినా, నా పెరట్లో ఆవాలు ఎవరు కోశారు?"

"నేనేనమ్మా. బంగారంలాంటి ఆవాలు నేలపాలవుతుంటే చూస్తూ ఎట్లా ఊరుకుంటా? మొన్ననే కోసి దంచిపెట్టా," అన్నారు అత్తగారు, మెచ్చుకుంటుందనుకుని.

ఆంటీ పాప వైపు చూశారు. "తిన్నదా?"

పాప నెయ్యి అంటిన వేళ్లు నాకుతోంది.

ఆ సాయంత్రమే ఆంటీ మమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి పాపకి రక్తపరీక్ష చేయించారు. సెలవుల మూలంగా రిపోర్టు ఆలస్యమైంది. కంప్యూటర్లు ఆగలేదు, కరెంటు పోలేదు, మా ఆయన ఆఫీసులో కేకు కోశారు. ఆ తర్వాత డాక్టరు పిలిచాడు. పాప రక్తంలో సీసం ఉండకూడనంత ఉంది.

అత్తగారు నెత్తి కొట్టుకుని ఏడ్చారు. ఆంటీ ఆవిడ చేతులు పట్టుకుని, "మీ వల్ల కాదు వదినా. గింజలోకి చేరేది తక్కువ. ఒక్క ముద్దకి ఇంత రాదు. నెలల తరబడి ఎక్కడ్నించో లోపలికి పోతోంది," అన్నారు. ఆంటీ చెప్పినట్టు పాపని మా పెరటి గడ్డి మీద వదిలి అందరం దూరంగా కూర్చున్నాం. ఎవరూ చూడటం లేదనుకున్నాక అది మెల్లగా కంచె దగ్గరికి నడుచుకుంటూ పోయి, గడ్డి లేపి, మన్ను నోట్లో పెట్టుకుంది. పరిగెత్తి వెళ్లి దాని నోట్లోంచి మన్ను వేలితో తీశాను. అత్తగారు ఆ పొరపాటు చెయ్యకపోతే, మేం ఆ పరీక్ష ఎప్పటికీ చేయించేవాళ్లం కాదు.

ఇల్లు మారాం. పాప ఒంట్లో సీసం మెల్లగా తగ్గింది. ఆ సీసం పాప బుర్రలోంచి ఏం తీసుకుపోయిందో, ఏమీ తీసుకుపోలేదో ఎవరూ చెప్పలేరు. పాప లెక్కల్లో తడబడినా, పేరు మర్చిపోయినా నాకు గుండెలో కలుక్కుమనేది. ప్రతి పరీక్షకీ ఆంటీ కూడా వచ్చి ఆ పసిచెయ్యి తన ఒళ్లో పెట్టుకునేవారు. మీరూ చేయించుకోండని నేను పోరితే, "నాది చూసి ఏం చేస్తామమ్మా, పనుంది," అనేవారు. ఆవిడ రుణం నేనెట్లా తీర్చుకుంటాను? ఆ ఇంట్లోనే ఏళ్ల తరబడి ఆవాలు చల్లారు, పీకారు. అమ్మేసినప్పుడు కొన్నవాళ్లకి అంతా విడమరిచి చెప్పారట. "తలూపారు," అన్నారు నాతో.

శుక్రవారం ఆవిడని మట్టిలో పెట్టి వస్తుంటే, కారు నడుపుతున్న మా అమ్మాయి అడక్కుండానే పాత వీధిలోకి తిప్పింది. ఆంటీ ఇల్లు అలాగే ఉంది, మనుషులు మారారు. పక్క సందులోంచి పెరడు కనిపిస్తోంది. కంచె పొడుగునా ఆవచెట్లు తమంతట తామే మొలిచి, నిండా పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. వాటి మొదట్లో గుల్ల చేసిన మట్టి, ఓ బుల్లి బకెట్, ప్లాస్టిక్ పార.

మా అమ్మాయి ఇంజనాపి దిగింది. "మమ్మీ, యూ కమింగ్?" అని నా కోసం ఆగకుండా వెళ్లి తలుపు కొట్టింది. లోపల్నుంచి, పెద్దవాళ్ల అడుగుల కంటే ముందు, చిన్న పాదాలు పరిగెత్తుకుంటూ వస్తున్న చప్పుడైంది.